మైకేల్ జాక్సన్ మరణం: ఒక చావు, మూడు విచారణలు

జూన్ నెలాఖరు వచ్చిందంటే మా తిరుపతి డాన్స్ మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఏటా అదే వాదన. డాక్టరే చంపేశాడని ఒకరంటారు. డబ్బు కోసం కంపెనీ వాళ్లు పిండేశారని ఇంకొకరు. ఆయనే మందులకు అలవాటు పడ్డాడు, ఎవరేం చేస్తారు అని మరొకరు. ముగ్గురూ చివరికి "కోర్టే చెప్పింది కదా" అనే అంటారు. ఇంకా బతికే ఉన్నాడన్న వీడియో కూడా ఎవరో ఒకరు పెడతారు.

ఈ వాదన తెగకపోవడానికి కారణం ఉంది. మైకేల్ జాక్సన్ మరణం మీద అధికారికంగా తేల్చి చెప్పినవాళ్లు ముగ్గురు: శవపరీక్ష చేసిన కరోనర్ ఆఫీసు, క్రిమినల్ కోర్టు, సివిల్ కోర్టు. ఎవరి ముందున్న ప్రశ్న వాళ్లది. ఆ ప్రశ్నలేంటో పక్కన పెట్టి జవాబులు మాత్రం పట్టుకుంటే ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తాయి.

మా ఊళ్లో ఆయన్ని ఇంగ్లిష్ వచ్చి ప్రేమించినవాళ్లు తక్కువ. ఆయన కాళ్లను చూసి ప్రేమించారు. 1983లో అమెరికా టీవీలో ఆయన వేసిన మూన్‌వాక్ ఇక్కడికి నేరుగా రాలేదు. చిరంజీవి బ్రేక్ డాన్స్‌లోంచి, ప్రభుదేవా స్టెప్పుల్లోంచి, వీడియో క్యాసెట్లలోంచి వచ్చింది. గంగ జాతరకు వేసే స్టేజీల మీద నల్ల టోపీ, తెల్ల సాక్సులు వేసుకుని వెనక్కి జారిన కుర్రాళ్లలో చాలామందికి ఆ పాటలో ఒక్క మాటా అర్థమయ్యేది కాదు. అలాంటి కుర్రాళ్లలో నేనూ ఒకడిని. అందుకే ఈ విషయం నాకు ఊరికే తెలుసుకోవాల్సిన సమాచారం కాదు.

25వ తేదీనా, 26వ తేదీనా?

ముందు చిన్న చిక్కు విప్పేద్దాం. లాస్ ఏంజెలిస్ ఆసుపత్రిలో ఆయన మరణించినట్టు ప్రకటించింది 2009 జూన్ 25, గురువారం మధ్యాహ్నం 2.26కి. వేసవిలో ఆ ఊరి గడియారం కన్నా మనది పన్నెండున్నర గంటలు ముందుంటుంది. అంటే తిరుపతిలో అప్పటికి 26వ తేదీ శుక్రవారం తెల్లవారుజాము 2.56. రెండు తేదీలూ నిజమే. వర్ధంతి మాత్రం అక్కడి తేదీ ప్రకారం 25. అప్పటికి ఆయన వయసు 50. లండన్‌లో 50 కచేరీలకు సిద్ధమవుతున్నాడు. జూలై 13న మొదటిది జరగాలి.

పాలలాంటి ఆ మందు

ఆయన ప్రాణం తీసిన మందు పేరు ప్రొపొఫాల్. ఇది దొంగచాటుగా అమ్మే డ్రగ్ కాదు. ఆపరేషన్ థియేటర్లలో మత్తు డాక్టర్లు రోజూ వాడేదే. తిరుపతిలో ఈమధ్య ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో చాలామందికి ఇది ఎక్కించే ఉంటారు. సోయా నూనె, గుడ్డు సొన నుంచి తీసిన లెసిథిన్ కలిసి ఉండటం వల్ల తెల్లగా, పాలలా కనిపిస్తుంది. మైకేల్ కూడా దాన్ని "పాలు" అనే పిలిచేవాడని డాక్టర్ పోలీసులకు చెప్పాడు.

నరంలోకి ఎక్కించిన నిమిషంలోపే స్పృహ పోతుంది. ఆపేస్తే కొద్ది నిమిషాల్లోనే తెలివి వస్తుంది. థియేటర్లో అందరికీ నచ్చేది ఈ గుణమే. ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఈ మందు ఊపిరిని మందగింపజేస్తుంది, డోసు కొంచెం ఎక్కువైతే ఆపేస్తుంది, బీపీని పడగొడుతుంది. అందుకే థియేటర్లో దీన్ని ఇచ్చేటప్పుడు ఊపిరి ఆగితే వెంటనే అందుకోగల మనిషి తల దగ్గరే నిలబడి ఉంటాడు. ఆక్సిజన్, గుండె కొట్టుకోవడాన్ని చూపే తెర, ఊపిరిని కొలిచే పరికరం, అన్నీ పక్కనే ఉంటాయి. ఇది విరుగుడు మందు లేని మత్తు. ఊపిరి ఆగితే మనమే ఊపిరి పోయాలి.

ఇంకో సంగతి. దీనితో వచ్చేది నిద్ర కాదు. మామూలు నిద్రలో మెదడు కొన్ని దశలు దాటుతుంది, అందులో కలలు వచ్చే దశ ఒకటి. మత్తులో ఆ దశలు ఉండవు. నిద్రలేమికి ప్రొపొఫాల్ వాడటమనేది వైద్యంలో ఎక్కడా ఒప్పుకున్న పద్ధతి కాదు. మైకేల్‌కు మాత్రం పడకగదిలో, వారాల తరబడి, నిద్ర కోసమే ఇచ్చారు.

ఆ గదిలో జరిగింది

వ్యక్తిగత డాక్టర్ పేరు కాన్రాడ్ ముర్రే. గుండె డాక్టర్, మత్తు డాక్టర్ కాదు. నెలకు 1,50,000 డాలర్ల మీద మాట కుదిరింది. ఒప్పంద పత్రం మీద ఆయన జూన్ 24న సంతకం పెట్టాడు. మైకేల్ సంతకం దాని మీద పడనే లేదు. ఆ జీతం ఒక్క నెలా అందలేదు.

24వ తేదీ రాత్రి రిహార్సల్ ముగించుకుని మైకేల్ అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చాడు. నిద్ర పట్టలేదు. రాత్రంతా డయాజెపామ్, లోరజెపామ్, మిడజోలామ్ అనే నిద్ర మందులు ఇచ్చాననీ, అయినా పట్టకపోతే ఉదయం 10.40 ప్రాంతంలో 25 మిల్లీగ్రాముల ప్రొపొఫాల్ ఇచ్చాననీ ముర్రే పోలీసులకు చెప్పాడు. తర్వాత రెండే నిమిషాలు బాత్రూమ్‌కు వెళ్లానన్నాడు. ఫోన్ రికార్డులు వేరే కథ చెప్పాయి. ఆ గంటలో ఆయన వరసగా ఫోన్లలో ఉన్నాడు. 11.51కి ఒకామెకు ఫోన్ చేశాడు. మాట్లాడుతుండగానే అవతలి మనిషి వినడం మానేశాడని ఆమె కోర్టులో చెప్పింది. అంబులెన్సుకు ఫోన్ వెళ్లింది 12.21కి. చేసింది కూడా డాక్టర్ కాదు, సెక్యూరిటీ మనిషి.

గుండె ఆగిన మనిషిని గట్టి నేల మీద పడుకోబెట్టి రెండు చేతులతో ఛాతీ నొక్కాలని ఈమధ్య స్కూలు పిల్లలకు కూడా నేర్పుతున్నారు. సాక్షులు చూసింది మెత్తటి మంచం మీద, ఒక చేత్తో నొక్కుతున్న డాక్టర్ని. వీపు కింద రెండో చేయి పెట్టానని ముర్రే వివరణ. అంబులెన్సు వాళ్లు ఏమేం మందులిచ్చారని అడిగితే ప్రొపొఫాల్ పేరు చెప్పలేదు. నాకు వీటన్నిటిలో మింగుడుపడనిది ఇదే. కంగారులో మంచం మీంచి దించడం మరిచిపోయాడంటే ఎలాగోలా అర్థం చేసుకోవచ్చు. మందు పేరు చెప్పకపోవడం ఏ కంగారూ కాదు.

కరోనర్ ఏం తేల్చాడు?

అమెరికాలో శవపరీక్ష రెండు విషయాలు చెప్పాలి. ప్రాణం దేనివల్ల పోయింది, ఏ విధంగా పోయింది. రెండో దానికి ఐదు గళ్లున్నాయి: సహజం, ప్రమాదం, ఆత్మహత్య, మరొకరి చర్య వల్ల (ఇంగ్లిష్‌లో హోమిసైడ్), తేల్చలేనిది. 2009 ఆగస్టులో లాస్ ఏంజెలిస్ కరోనర్ మొదటిదానికి ప్రొపొఫాల్ విషప్రభావమనీ, దానికి నిద్రమాత్రల జాతి మందులు తోడయ్యాయనీ రాశాడు. రెండోదానికి నాలుగో గడి ఎంచుకున్నాడు.

ఆ వార్త ఇక్కడికి వచ్చేసరికి "హత్య అని తేలిపోయింది" అనుకున్నవాళ్లే ఎక్కువ. కరోనర్ చెప్పింది అది కాదు. ఆ గడిలో కత్తిపోటు కూడా పడుతుంది, ఆత్మరక్షణలో కాల్చిన తూటా కూడా పడుతుంది. నేరమా కాదా అన్నది అందులో ఉండదు. ఇక్కడ కరోనర్ చూపిన కారణాలు ఇవి: ఆసుపత్రి కాని చోట, తగిన వైద్య అవసరం లేకుండా ప్రొపొఫాల్ ఇచ్చారు, ఉండాల్సిన పరికరాలు లేవు, తనకు తానే ఎక్కించుకున్నాడనడానికి పరిస్థితులు అనుకూలంగా లేవు.

మన దగ్గరి ఉదాహరణ ఒకటి అనుకుందాం. చంద్రగిరి దగ్గర హైవే మీద లారీ గుద్ది బైకు మీద పోతున్న మనిషి చనిపోయాడు. పోస్ట్‌మార్టం రిపోర్టులో తలకు బలమైన దెబ్బ అని ఉంటుంది. అక్కడితో దాని పని అయిపోయింది. డ్రైవర్ మీద పోలీసులు కేసు పెడతారు. ఏ చిన్న సందేహమైనా న్యాయంగా మిగిలితే క్రిమినల్ కోర్టు అతన్ని వదిలేస్తుంది. సాక్షులు తడబడి అతను బయటపడ్డాడే అనుకోండి. అదే కుటుంబం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం అడిగితే, అక్కడ ఎటువైపు అవకాశం ఎక్కువ ఉందో చూస్తారు. డ్రైవర్ నిర్లక్ష్యమే ఎక్కువగా కనిపిస్తే పరిహారం వస్తుంది. ఒకే ప్రమాదంలో డ్రైవర్ నిర్దోషి, కుటుంబానికి డబ్బు. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. అడిగింది వేరు, రుజువుకు కావలసిన బరువు వేరు.

క్రిమినల్ కోర్టు: హత్య కేసు ఎందుకు పెట్టలేదు?

2010 ఫిబ్రవరిలో ముర్రే మీద పెట్టింది హత్య కేసు కాదు. చంపాలన్న ఉద్దేశం లేకుండా, తీవ్రమైన నిర్లక్ష్యంతో మరణానికి కారణమవడం అన్న అభియోగం. అభిమానులు చాలామంది దీన్ని అన్యాయమనుకున్నారు. చట్టం వైపు నుంచి చూస్తే హత్యకు దురుద్దేశమో, చచ్చినా ఫర్వాలేదనే తెగింపో రుజువు కావాలి. బతికుంటేనే జీతమొచ్చే డాక్టరుకు అలాంటి ఉద్దేశం అంటగట్టడం కష్టం.

విచారణ 2011 సెప్టెంబర్ 27న మొదలై నవంబర్ 7న ముగిసింది. మామూలు పౌరుల్లోంచి ఎంచిన పన్నెండు మంది జ్యూరీ సభ్యులూ దోషి అన్నారు. ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్ష, నాలుగేళ్లు, జడ్జి విధించాడు. 2013 అక్టోబర్ 28న ముర్రే బయటికి వచ్చాడు. "డబ్బిచ్చి బయటపడ్డాడు" అని మా గ్రూపులో ఇప్పటికీ అంటారు. జరిగింది అది కాదు. కాలిఫోర్నియా జైళ్లు కిక్కిరిసిపోయి అప్పుడే కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇలాంటి ఖైదీలు రాష్ట్ర జైలుకు బదులు కౌంటీ (మన జిల్లా లాంటిది) జైలులో ఉంటారు, సత్ప్రవర్తనకు శిక్ష సగమవుతుంది. ముర్రేతోబాటు వేలమందికి వర్తించిన లెక్క అది. 2014లో ఆయన అప్పీలును పై కోర్టు కొట్టేసింది. దోషి అన్న తీర్పు చెక్కుచెదరలేదు.

ఈ విచారణలో జ్యూరీకి వినిపించిన ఒక రికార్డింగ్ ఉంది. ముర్రే ఫోన్లో 2009 మే 10న రికార్డయింది. మత్తులో నాలుక మడతపడుతుండగా మైకేల్ లండన్ కచేరీల గురించి, ఆ డబ్బుతో పిల్లలకు కట్టాలనుకున్న పెద్ద ఆసుపత్రి గురించి మాట్లాడతాడు. మాట మాటకీ మధ్య అంత ఖాళీ. ఒక్కో అక్షరం మీద గొంతును కత్తిలా నిలిపిన మనిషి గొంతేనా ఇది అనిపిస్తుంది. రోగి ఈ స్థితిలో ఉన్నాడని డాక్టరుకు ఆ తేదీకే తెలుసు, అయినా ఆపలేదు అని చెప్పడానికే ప్రాసిక్యూషన్ దాన్ని వినిపించింది. దాన్ని పూర్తిగా వినడం నావల్ల కాలేదు.

సివిల్ కోర్టు: ఒక "అవును", ఒక "కాదు"

మైకేల్ తల్లి క్యాథరిన్, కచేరీలు నిర్వహిస్తున్న ఏఈజీ లైవ్ కంపెనీ మీద 2010లో దావా వేసింది. డాక్టర్ని పెట్టింది కంపెనీయే, తగినవాడో కాదో చూడలేదు, రిహార్సళ్లకు తీసుకురమ్మని ఒత్తిడి పెట్టింది అన్నది ఆమె వాదన. షో డైరెక్టర్ కెన్నీ ఒర్టేగా జూన్ 20న కంపెనీ పెద్దకు రాసిన మెయిల్ ఇందులో బలమైన సాక్ష్యం. మైకేల్ వణుకుతున్నాడు, బలహీనంగా ఉన్నాడు, మానసిక వైద్యులకు చూపించాలి అని రాశాడాయన. కంపెనీ జవాబు ఇది: ముర్రే మైకేల్‌కు 2006 నుంచే తెలుసు, కావాలని కోరుకున్నది మైకేలే, మూసిన తలుపు వెనక ప్రొపొఫాల్ ఇస్తున్నారని మాకు తెలిసే దారి లేదు. 23, 24 తేదీల రిహార్సళ్లలో మైకేల్ హుషారుగా ఉన్నాడన్న సాక్ష్యం కూడా వచ్చింది.

2013 అక్టోబర్ 2న జ్యూరీ తేల్చింది. మొదటి ప్రశ్న, ముర్రేను ఏఈజీ పెట్టుకుందా? అవును. రెండోది, ఏ పనికి పెట్టుకున్నారో ఆ పనికి అతను అనర్హుడా? కాదు. అక్కడితో కేసు అయిపోయింది. పరిహారం లేదు.

రెండేళ్ల ముందు దోషి అన్న డాక్టర్ ఇప్పుడు అర్హుడెలా అయ్యాడు? ప్రశ్నను ఇంకోసారి చదవాలి. అతన్ని పెట్టుకున్నది మామూలు వైద్యం చూడటానికి. దానికి లైసెన్సు ఉంది, చదువు ఉంది. అతను నీతిగా నడుచుకున్నాడా అని ఆ కాగితం మీద ఎవరూ అడగలేదు. అది అడిగి ఉంటే జవాబు వేరేగా ఉండేదేమోనని జ్యూరీ పెద్దే బయట చెప్పాడు. కాబట్టి "కంపెనీ తప్పేమీ లేదని కోర్టు చెప్పింది" అన్న మాటా, "కంపెనీ చంపింది" అన్న మాటా, రెండూ తీర్పు కన్నా ఎక్కువ చెబుతున్నాయి.

మన దేశంలో డాక్టర్ల నిర్లక్ష్యానికి 2009 నాటికి ఐపీసీ 304ఎ వర్తించేది, గరిష్ఠంగా రెండేళ్లు. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 106వ సెక్షన్ అయింది. మామూలుగా ఐదేళ్లు, వైద్యం చేస్తుండగా అయితే రిజిస్టర్డ్ డాక్టరుకు రెండేళ్లు. పైగా జాకబ్ మాథ్యూ కేసులో 2005లోనే సుప్రీంకోర్టు, డాక్టరును శిక్షించాలంటే నిర్లక్ష్యం మామూలుది చాలదు, ఘోరమైనది కావాలని చెప్పింది. పరిహారానికి వినియోగదారుల కమిషన్ వేరే దారి. ముర్రేకు పడిన నాలుగేళ్లు తక్కువని మనం అనుకునే ముందు ఇది తెలిసి ఉండాలి.

ఆయన సొంత బాధ్యత మాటేమిటి?

1984లో యాడ్ షూటింగ్‌లో మైకేల్ జుట్టుకు నిప్పంటుకుని తల కాలింది. తర్వాత నొప్పి మందులు. 1993లో వాటికి బానిసయ్యానని తానే ప్రకటించి టూర్ ఆపేశాడు. కాబట్టి అలవాటు ఉందన్న మాట కాదనలేనిది. ఆయనే అడిగాడు, వద్దంటే ఇంకో డాక్టరును తెచ్చుకునేవాడు అన్నది ఒక వాదన. అడిగినంత మాత్రాన ఇవ్వకూడదు, కాదనడమే డాక్టర్ పని అన్నది ప్రాసిక్యూషన్ తెచ్చిన నిపుణుల వాదన. నేను రెండోదానివైపే. రోగే తిండి, అద్దె, అప్పులకు డబ్బిచ్చే యజమాని కూడా అయినప్పుడు డాక్టర్ నోట "వద్దు" రావడం ఎంత కష్టమో ఈ కేసంతా చూపిస్తుంది.

"ఆయప్ప నీకు చుట్టమా?"

ఆ శుక్రవారం టీవీ ముందు కూర్చుని ఏడుస్తుంటే మా అవ్వ అడిగిన మాట అది. కోపంతో కాదు, నిజంగానే అర్థంకాక. దీనికి మానసిక శాస్త్రంలో జవాబుంది. డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు 1956లోనే, తెర మీది మనిషితో చూసేవాళ్లకు ఒకవైపు నుంచి మాత్రమే ఏర్పడే దగ్గరితనం గురించి రాశారు. అవతలి మనిషికి మనం తెలియదు. మన వైపు నుంచి మాత్రం ఏళ్ల తరబడి చూపు, వినికిడి, అనుకరణ ఉన్నాయి. ఒక స్టెప్పు నేర్చుకోవడానికి ఆయన మడమ ఎక్కడ లేస్తోందో, ఏ కాలి మీద బరువుందో వందసార్లు చూసినవాడికి ఆ శరీరం తన శరీరంలో కొంత చేరిపోతుంది. 1989లో కెన్నెత్ డోకా ఇంకో సంగతి చెప్పాడు: చుట్టుపక్కలవాళ్లు దుఃఖంగా ఒప్పుకోని దుఃఖం మోయడం ఎక్కువ కష్టం.

దీన్ని మా ఊళ్లోనే పోల్చి చూశాను. 2020 సెప్టెంబర్ 25న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పోయినప్పుడు ఎవరూ ఎవర్నీ "నీకేమవుతాడు" అని అడగలేదు. తిరుపతిలో చదువుకున్న మనిషి, తెలుగులో పాడిన మనిషి, అందరివాడు. ఆయన్ని కూడా మాలో ఎక్కువమంది కలిసింది లేదు. దుఃఖం రెండుసార్లూ ఒకటే, పంచుకోవడానికి పక్కన మనుషులున్నారా లేదా అన్నదే తేడా.

మైకేల్ విషయంలో ఇంకో బరువుంది. పిల్లలతో లైంగికంగా ప్రవర్తించాడన్న ఆరోపణలు. 1993 నాటి ఆరోపణ మీద సివిల్ దావా మరుసటి ఏడాది కోర్టు బయట రాజీతో ముగిసింది. 2005 జూన్ 13న వేరే కేసులో జ్యూరీ అన్ని అభియోగాల్లోనూ నిర్దోషి అంది. 2019లో ఒక డాక్యుమెంటరీలో ఇద్దరు మగవాళ్లు చిన్నప్పుడు తమకు జరిగిందని చెప్పారు. ఆయన ఆస్తి చూసే సంస్థ దాన్ని ఖండించింది. నిర్దోషి తీర్పును నేను చిన్నది చేయను. ఆ ఇద్దరి మాటను ఎగతాళి చేసే అభిమానులతోనూ గొంతు కలపను. పోయిన మనిషి కోసం ఏడ్చినంత మాత్రాన ఈ ప్రశ్న మీద ఓటు వేసినట్టు కాదు.

చివరి డోసు ఎవరిది?

అన్ని వాదనలూ చివరికి ఇక్కడికే వస్తాయి. డాక్టర్ బయటికి వెళ్లినప్పుడు మైకేలే ఇంకొంచెం ఎక్కించుకున్నాడన్నది డిఫెన్స్, అంటే ముర్రే లాయర్ల వాదన. డ్రిప్ నడుస్తూనే ఉందన్నది ప్రాసిక్యూషన్ వాదన. మత్తుమందుల నిపుణులు స్టీవెన్ షేఫర్, పాల్ వైట్ ఎదురెదురు పక్షాన నిలబడి రక్తంలో దొరికిన మోతాదులతో లెక్కలు కట్టారు. కరోనర్ తనకు తానే ఎక్కించుకున్నట్టు లేదని అంతకుముందే రాసి ఉన్నాడు.

జ్యూరీ మాత్రం దీన్ని తేల్చాల్సిన అవసరం లేకపోయింది. అలాంటి మందు అందుబాటులో పెట్టి, దానికోసం అల్లాడే రోగిని ఒంటరిగా వదిలి వెళితే అతను తానే ఎక్కించుకోవచ్చన్నది ముందే ఊహించదగ్గ విషయమనీ, అప్పుడు కూడా బాధ్యత డాక్టరుదేననీ ప్రాసిక్యూషన్ చెప్పింది. రెండు దారుల్లో దేన్ని నమ్మినా దోషి అనవచ్చు, ఏ దారిలో వచ్చారో రాయనక్కర్లేదు. వాళ్లు రాయలేదు. అందుకే సిరంజి చివరిసారి ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు ఏ కోర్టు తీర్పులోనూ జవాబు లేదు. ఈసారి జూన్‌లో మా గ్రూపులో ఎవరైనా "కోర్టే చెప్పింది" అంటే, ఏ కోర్టు, ఏ ప్రశ్నకు అని అడుగుతాను.